తుంటినరపు నొప్పి: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

కొల్లేటి ఒడ్డున నున్న యొక గ్రామమున పంచాయతీ సమావేశము జరుగుచుండగా, అర్జీ పట్టుకొని నలువదేండ్ల మనిషి యొకడు వచ్చెను. మెట్లు ఎక్కునపుడు అతని యెడమకాలి చెప్పు జారిపోయినది. అది అతనికి తెలియలేదు. వెనుక వచ్చుచున్న పిల్లవాడొకడు తెచ్చి యిచ్చెను. అరుగుపై కూర్చుండుమని సర్పంచి గారు ఎంత చెప్పినను కూర్చుండక, స్తంభమునకు భుజ మానించి గంటసేపు నిలువబడియే యుండెను. "కూకుంటే కాలు జివ్వున లాగేత్తందండి, నిలబడితేనే కాత్త నయం" అని యతని జవాబు. చేపలచెరువులలో మేతసంచులు కట్టుట అతని వృత్తి. పదునాలుగు నెలలుగా పనికి పోలేదు. అర్జీ మాత్రము ఇంటిస్థలమును గూర్చినది. నొప్పి మాట అందులో లేదు. అతడు వెడలిన పిమ్మట ఈ వ్యాసకర్త ఆ సంగతి ఎత్తగా, సభ్యులలో నొకరు "అది వాడి వంటి సంగతండి, పంచాయతీ సంగతి కాదు గదా" అనిరి. ఆ మాటకు అప్పుడు చెప్పలేకపోయిన సమాధానమే ఈ పాఠము.

మన పల్లెలలో ఈ వ్యాధిని తుంటినొప్పి యనియు, తుంటివాత మనియు, నరము పట్టిన దనియు చెప్పుచుందురు. పట్టణపు వైద్యులు సయాటికా యందురు. ఆయుర్వేదమున దీని పేరు గృధ్రసి. గృధ్ర మనగా రాబందు. ఈ నొప్పి గలవాడు ఒక ప్రక్కకు ఒరిగి కాలీడ్చుచు నడచుట రాబందు నేలపై నడచునట్లుండుటచే ఆ పేరు కలిగినదందురు. పిరుదు మొదలుకొని నడుము, తొడ, మోకాలు, పిక్క, పాదము వరకు వరుసగా దిగు నొప్పి యని చరకసంహిత దీనిని వర్ణించినది. ఇటలీ దేశమున నేపుల్స్ నగరపు వైద్యుడు కోటున్యో 1764లో ఈ నొప్పిపై ఒక గ్రంథమే వ్రాసెను. అయినను దీని ముఖ్యకారణము వెన్నుపూసల నడుమ నున్నదని లోకమునకు స్పష్టమైనది 1934లో మాత్రమే. అమెరికాలోని బోస్టన్ నగర వైద్యులు మిక్స్టర్, బార్ అనువారు ఆ సంగతి ప్రకటించిరి. వ్యాధి పేరు వేల యేండ్లది, కారణము తెలిసి నూరేండ్లయినను కాలేదు. కావున గ్రామములలో దీనిని గూర్చి భిన్నాభిప్రాయము లుండుటలో వింత లేదు.

శరీరమందలి నరములలో మిక్కిలి లావైనది ఈ తుంటినరము. ఇంచుమించు బొటనవ్రేలంత మందముండును. నడుము క్రిందిభాగపు వెన్నుపూసల సందులనుండి వెలువడు అయిదు పాయలు కలిసి ఒక్కటై, పిరుదు లోపలినుండి తొడ వెనుకగా దిగి, మోకాలి వెనుక రెండుగా చీలి, పాదము వరకు పోవును. రెండేసి వెన్నుపూసల నడుమ మెత్తవలె నుండు బిళ్ళ యొకటి గలదు. దీనినే డిస్క్ అందురు. లేత తాటిముంజెను తలచుకొనుడు: వెలుపల గట్టి పొర, లోపల జిగురు. వెలుపలి పొర చిట్లి లోపలి జిగురు వెనుకకు ఉబికినచో, ప్రక్కనే పోవు నరపు మొదలును ఒత్తును; ఒత్తుటయే కాక అచ్చట వాపును మంటను పుట్టించును. నరము మొదట ఒత్తుకొన్నను, నొప్పి తెలియునది అది పోయి చేరు చోట. నడుములో తప్పు జరుగగా పిక్క ఏడ్చుటకు ఇదియే హేతువు. మోకాలికి నూనె రాచుకొనుచు నెలలు గడపువారు ఈ ఒక్క సంగతి తెలిసికొనవలెను. వయసు మీరినవారిలో వెన్నెముక లోపలి దారి ఇరుకగుటచే గూడ ఇట్టి నొప్పి వచ్చును. వారికి నడచుటచే నొప్పి హెచ్చి, ముందుకు వంగినచో, కూర్చున్నచో తగ్గును.

ఇక మన ప్రాంతపు పనులను చూతము. కొల్లేటి చుట్టుపట్ల చెరువులలో తవుడును చెక్కయు చిల్లులు పెట్టిన సంచులలో నింపి, నీటిలో పాతిన కఱ్ఱలకు కట్టు పద్ధతి కలదు. కదులుచున్న చిన్న పడవలో నిలిచి, వంగి, సంచి ఎత్తి, నడుము త్రిప్పి కట్టవలెను. వంగుట, త్రిప్పుట, బరువు అను మూడును ఒక్క క్షణమున కలియు పని యిది. డిస్కునకు ఇంతకంటె శత్రువు లేదు. తాడేపల్లిగూడెము ఉల్లిమార్కెట్టులో హమాలీలు, కైకలూరు, ఆకివీడు ప్రాంతములలో మంచుతో నింపిన చేపల ట్రేలను లారీల కెత్తువారు, ఉదయమునుండి సాయంకాలము వరకు వంగి ఊడ్పులు ఊడ్చు స్త్రీలు, ఏలూరులో మగ్గము ముందు కూర్చుండి తివాచీలు నేయువారు, గతుకుల చెరువుగట్లపై ఆటోలు నడుపువారు, వీరందరును నడుముతో కూలి సంపాదించువారే.

జర్మనీలోని ఉల్మ్ నగరమున 1999లో ఒక మనిషి వెన్నుబిళ్ళలోనే సూక్ష్మపరికరము నమర్చి ఒత్తిడి కొలిచిరి. ఊరక నిలుచున్నపుడు అర మెగాపాస్కలు ఉన్న ఒత్తిడి, నడుము వంచి 20 కిలోల బరువు ఎత్తినపుడు 2.3 అయినది. మోకాళ్ళు వంచి ఎత్తగా 1.7, అదే బరువు రొమ్మునకు దగ్గరగా పట్టుకొనగా 1.1 మాత్రమే. బరువు మారలేదు, పట్టు మాత్రమే మారినది. మన గోదావరి జిల్లాలలో ధాన్యము లెక్క 75 కిలోల బస్తాలలో చెప్పుట వాడుక. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ప్రకారము వయోజనుడగు పురుషు డొక్కడు మోయదగిన బరువు 55 కిలోలకు మించరాదు. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన నుంచి చూచుకొనుడు.

నడుములో పట్టు వేరు, నరపు నొప్పి వేరు. నడుములోనే ఆగు నొప్పి సామాన్యముగా కండరములది. నరపు నొప్పి ఒక కాలిలో, మోకాలు దాటి దిగును. దగ్గినను తుమ్మినను కాలిలోనికి పోటు కొట్టును. తిమ్మిరియో, చీమలు ప్రాకినట్లో, కారము రాచినట్లు మంటయో ఉండును. రోగి వెల్లకిల పరుండగా వైద్యుడు మోకాలు వంచకుండ కాలు మెల్లగా పైకెత్తి చూచును. కొంత ఎత్తునకే కాలి పొడవున నొప్పి దిగినచో నరము ఒత్తుకొన్నట్లు అనుమానించును. పిదప మడమలపైనను, మునివ్రేళ్ళపైనను నడిపించును. మడమపై నిలువలేక పాదపు మునుభాగము జారినచో నరపు బలము తగ్గుచున్నదన్నమాట. మన మనిషి చెప్పు జారిన సంగతి ఇందులకే మొదట చెప్పితిమి. రెండు పాదములును సమముగా మొద్దుబారినచో మధుమేహమును, చర్మముపై స్పర్శలేని పాలిపోయిన మచ్చ యుండి పాదము జారినచో కుష్ఠును అనుమానించి చూపవలెను. కుష్ఠునకు మందులు ఉచితము, నయమగు వ్యాధి. దాచిన కొలది పాదము పోవును.

ఒక్క నిమిషమును తాళరాని లక్షణములు

నడుమునొప్పి గాని కాలినొప్పి గాని ఉన్నవానికి మూత్రము బిగిసినను, తెలియకుండ పోయినను, మలము అదుపు తప్పినను, గుఱ్ఱపు జీను ఆను చోట, అనగా తొడల సందున, మలద్వారము చుట్టును స్పర్శ పోయినను, రెండు కాళ్ళును చచ్చుబడుచున్నను, అది తెల్లవారు వరకు చూడదగిన సంగతి కాదు. వెన్నెముక చివర గుఱ్ఱపు తోకవలె నుండు నరముల కుచ్చు మొత్తము నలిగిపోవుచున్నదని యర్థము. గంటలలో, హెచ్చైన ఒకటి రెండు దినములలో, శస్త్రచికిత్స జరుగనిచో జీవితాంతము మూత్రపు గొట్టముతో బ్రతుకవలసి రావచ్చును. సిగ్గుచే ఈ మాట చెప్పనివారు, ముఖ్యముగా స్త్రీలు, కలరు. ఆశా కార్యకర్తలు, నర్సులు అడిగి తెలిసికొనవలెను. అర్ధరాత్రియైనను 108కి ఫోను చేసి, "మూత్రము ఆగినది, కాళ్ళు పడిపోవుచున్నవి" అని ఆ మాటలతోనే చెప్పుడు; "నడుమునొప్పి" అని మాత్రము చెప్పినచో తొందర తెలియదు.

సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట, పరుండినను తగ్గని నొప్పి ఉన్నచో వెన్నెముకకు క్షయ సోకియుండవచ్చును. ప్రభుత్వాసుపత్రులలో క్షయకు పరీక్షయు మందులును ఉచితము. పూర్వము క్యాన్సరు వచ్చినవారికి, పెద్ద దెబ్బ తగిలినవారికి, దీర్ఘకాలము స్టెరాయిడు మందులు వాడినవారికి క్రొత్తగా నొప్పి వచ్చినచో ఆలస్యము లేకుండ వైద్యునికి చూపవలెను. పాదము జారుట మొదలైనను వారములు వేచియుండరాదు.

చేయరాని చికిత్సలు

ఆ మేతసంచుల మనిషి పదునాలుగు నెలలలో ఏమేమి చేయించుకొనెనో తరువాత విడివిడిగా అడిగి తెలిసికొంటిమి. మొదటి నెలలో పిరుదులకు పదునొకండు సూదులు. పిమ్మట పిక్కపై కాల్చిన ఇనుముతో వాతలు. ఆపైన ఒక బంధువు తెచ్చిన పొట్లముల పొడి. అది తిన్నన్నాళ్ళు నొప్పి మాయమై, ఆకలి పెరిగి, మొగము గుండ్రమైనదట.

ఈ మూడింటిని గూర్చి కొంచెము వివరముగా చెప్పవలెను. పిరుదులోనే తుంటినరము పోవుచున్నది. శిక్షణ లేనివాడు సూది తప్పుచోట పొడిచినచో నరమునకే దెబ్బ తగిలి కాలు పడిపోవచ్చును. మన దేశమున ఇట్టి దురదృష్టములు పసిపిల్లలకు సైతము జరిగినవి. పిరుదును నాలుగు పాళ్ళుగా భావించి, వెలుపలి పైపాలులో మాత్రమే సూది వేయుట వైద్యశాస్త్ర నియమము. ఆ సూదిలోని మందు నాలుగు గంటల నొప్పి తగ్గించును గాని డిస్కును సరిచేయదు. ఇక వాతలు. అగ్నికర్మము ఆయుర్వేదమున ఉన్నమాట నిజమే. నేర్చిన వైద్యుడు చేయు పని అది. కొడవలి కాల్చి పెట్టుట అది కాదు. తిమ్మిరెక్కిన కాలికి కాలినది తెలియదు, పుండు తెలియదు, మధుమేహము కూడ ఉన్నచో పాదమే పోవును. పేరు లేని పొడులలో స్టెరాయిడ్లు కలిపి అమ్ముట పలుమారు బయటపడినది. వానిచే మధుమేహము, రక్తపుపోటు పెరుగును, ఎముకలు బోలగును. హఠాత్తుగా మానినచో ప్రాణాపాయము గలదు. కావున అట్టి పొడి వాడుచున్నవానిని "వెంటనే పారవేయుము" అని చెప్పక, పొట్లముతో సహా వైద్యునికడకు తీసికొనిపొండు.

నడుముపై మనిషిని ఎక్కించి త్రొక్కించుట కూడదు. పుత్తూరు కట్టు ఎముకలు విరిగినపుడు పేరుపొందినది. ఇచ్చట విరిగిన ఎముక లేదు. వేడినీటి కాపడము, మెల్లని మర్దనము హాయినిచ్చును, హాని లేదు.

ఉన్నదున్నట్లు చెప్పవలసిన శుభవార్త

మొదటిసారి వచ్చిన తుంటినొప్పి అధిక సంఖ్యాకులకు రెండు మూడు నెలలలో తనంతట తానే తగ్గుముఖము పట్టును. ఉబికిన జిగురును శరీరమే క్రమముగా హరించుకొనును. నెదర్లాండ్సులో 183 మంది రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టును రెండు వారములు మంచముపై నుంచి, రెండవ జట్టును ఓపిక మేరకు తిరుగనిచ్చిరి. 1999లో వెలువడిన ఫలితమేమనగా, పండ్రెండు వారములకు రెండు జట్లలోను నూటికి 87 మంది మెరుగైరి. మంచము ఏమియు అధికముగా చేయలేదు. నెలల తరబడి పరుండుట వలన కండలు కరుగును, కూలి పోవును, మనసు కుంగును. నొప్పి భరింపరానిదైనచో ఒకటి రెండు దినములు పరుండి, పిదప ఇంటిలోనే కొంచెము కొంచెముగా నడువవలెను. కటికనేలపై పరుండుమని పెద్దలు చెప్పుచుందురు. స్పెయిను దేశమున నడుమునొప్పి వారిపై 2003లో జరిపిన పరీక్షలో మరీ గట్టి పరుపుకంటె మధ్యరకపు పరుపే మేలని తేలినది. గుంటపడిన నులకమంచము మాత్రము మానుట మంచిది. ప్రక్కకు పరుండి మోకాళ్ళ నడుమ దిండు పెట్టుకొన్నచో చాలమందికి నిద్ర పట్టును.

నొప్పి మాత్రలు వైద్యుడు చెప్పిన మోతాదులో, కొద్ది దినములే వాడవలెను. దుకాణమున కొని నెలల తరబడి మ్రింగినచో కడుపులో పుండును, మూత్రపిండములకు చేటును కలుగును. "నరాల మందు" అని పేరుపడిన ప్రిగాబలిన్ ఈ నొప్పికి ఉత్తుత్తి మాత్రకంటె హెచ్చుగా పనిచేయలేదనియు, తల తిరుగుట మాత్రము హెచ్చినదనియు ఆస్ట్రేలియాలో 209 మందిపై జరిపి 2017లో ప్రకటించిన పరిశోధన తెల్పినది. ఇప్పటికే వాడుచున్నవారు తమంతట తాము మానక వైద్యు నడుగవలెను. వ్యాయామము ఫిజియోథెరపిస్టు వద్ద నేర్చి ఇంట చేయవలెను. ఇది చవుకైన మందు; ఫలము ఆలస్యముగా తెలియుటచే దీనిపై మనవారికి నమ్మకము తక్కువ.

ఎం.ఆర్.ఐ. ఫిలిము చూచి బెదరుట ఇటీవల పెరిగినది. "గుజ్జు అరిగిపోయింది, ఇక పనికి రాను" అని ముప్పదేండ్లవాడు అనుకొనుట విచారకరము. 1994లో అమెరికాలో, నడుమునొప్పి యెన్నడును లేని 98 మందికి ఈ ఫొటో తీయగా నూటికి 52 మందిలో డిస్కు ఉబుకు కనబడినది. ఫిలిమును రోగి లక్షణములతో పోల్చి చూచినపుడే దానికి విలువ. అప్పు చేసి మొదటి వారముననే తీయించుకొననక్కరలేదు. పైని చెప్పిన అపాయ లక్షణము లున్నవారికి, ఆపరేషను తలపెట్టినవారికి అది అవసరము.

ఆపరేషను పేరు చెప్పగానే "చేయించుకొంటే కాళ్ళు పడిపోతాయి" అని గ్రామములలో వినవచ్చును. కాళ్ళు పడిపోవుచుండగా చివరిదశలో వచ్చినవారిని చూచి పుట్టిన మాట కాబోలు. నెదర్లాండ్సులోనే 283 మందిపై జరిపి 2007లో ప్రకటించిన పరిశోధనలో, త్వరగా ఆపరేషను చేయించుకొన్నవారికి కాలినొప్పి త్వరగా పోయినది. ఏడాది గడచుసరికి చేయించుకొన్న జట్టును, ముందుగా మందులు వ్యాయామములతో వేచిన జట్టును సమానముగానే, నూటికి 95 మంది వరకు, కోలుకొన్నవి. అనగా అపాయము లేనిచోట తొందరయు లేదు, భయమును లేదు. ఆరు వారములకు మించి ఓర్వరాని కాలినొప్పి యున్నచో శస్త్రవైద్యుని అభిప్రాయము అడుగుట న్యాయము. ఆపరేషను కాలినొప్పిని తీర్చినంతగా నడుమునొప్పిని తీర్చదు. చాలకాలము నలిగిన నరపు బలమును పూర్తిగా తెచ్చి యీయకపోవచ్చును.

కొందరికి నొప్పి ఏండ్ల తరబడి ఉండిపోవును. వారికి "నీకేమియు లేదు" అని చెప్పుట క్రూరము, "నీ పని అయిపోయినది" అనుట అంతకంటె క్రూరము. నొప్పి లేని దినమున పని యంతయు ఒక్కసారి చేసి మరునాడు మంచ మెక్కుటకంటె, ప్రతిదినము కొలత ప్రకారము చేసి, మధ్య లేచి నడచుచుండుట మేలు. పొగాకు మానినచో డిస్కునకు మంచిది. నిద్ర లేక, సంపాదన లేక మనసు విరిగినవారు కలరు. 14416 నంబరునకు ఫోను చేసినచో ప్రభుత్వ మానసికారోగ్య సలహాదారులు తెలుగులోనే ఉచితముగా మాటాడుదురు.

ఎక్కడకు పోవలెను? మొదట గ్రామ ఆరోగ్యకేంద్రము, ప్రాథమికారోగ్యకేంద్రము. అచ్చటనుండి తాడేపల్లిగూడెము ఏరియా ఆసుపత్రి గాని, ఏలూరు ప్రభుత్వాసుపత్రి గాని. ఏలూరులో ప్రభుత్వ వైద్యకళాశాల 2023 సెప్టెంబరులో ప్రారంభమైనది. ఆశ్రం వైద్యకళాశాల ఆసుపత్రియు కలదు. అంతకు మించినచో విజయవాడ ప్రభుత్వాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్. ఆయుర్వేదము కోరువారు విజయవాడలోని డాక్టరు నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల వంటి చోట పట్టము గల వైద్యుని చూడవలెను. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేర నడచుచున్న పథకమున ఈ వ్యాధికి ఏ చికిత్స చేరునో, ఏ ఆసుపత్రిలో జరుగునో ముందే 104కి ఫోను చేసి గాని, ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర నడిగి గాని తెలిసికొని పోవుట మేలు.

"పంచాయతీ సంగతి కాదు" అనిన సభ్యుని మాటకు తిరిగి వత్తము. ధాన్యము కొనుగోలు కేంద్రమున లారీతొట్టి ఎత్తున అరుగు కట్టించినచో బస్తాను నేలనుండి తలకెత్తు పని తప్పును. చేపలు ఎగుమతి చేయుచోట నాలుగు తోపుడుబండ్లు ఎవరి డబ్బుతో కొనవలెనో సొసైటీవారితో కూర్చుండి మాటాడదగిన విషయము. కొళాయి ఇంటింటికి వచ్చిన వీధిలో స్త్రీలు బిందె చంక నెత్తుకొని నడచుట లేదు. గట్టుదారిలోని గతుకులు పూడ్చుట సరేసరి. వర్షాకాలమున కొల్లేరు పొంగి దారులు మునుగునపుడు ఆంబులెన్సు ఎంతవరకు రాగలదో, అచ్చటివరకు రోగిని ఏ పడవలో, ఏ బల్లపై చేర్చవలెనో ముందే నిర్ణయించి ఆశా కార్యకర్తకును పడవవానికిని చెప్పియుంచుట పంచాయతీ తప్ప ఎవరు చేయగలరు? వెన్ను దెబ్బ తిన్నవానికి ఉపాధి పనులలో పలుగు పట్టించక, మంచినీరు అందించు పనియో, మస్టరు దగ్గర పనియో చూపుడని అడుగుట సభ్యుని నోటి మాటతో అగునది.

ఆ మనిషి సమావేశమైన వారమునకు, సర్పంచి గారు పురమాయించగా, ఏలూరు వెళ్ళెను. పరీక్షలు జరిగినవి, ఆపరేషను జరిగినది. కాలి నొప్పి చాలవరకు పోయినది. బొటనవ్రేలు మాత్రము పూర్తిగా లేవదు. ఎక్కువకాలము ఆలస్యమైనదని వైద్యులు చెప్పిరట. మొన్న ఆ దారిన పోవుచు చూచితిమి. చెరువుగట్టున కాటా దగ్గర బల్లపై కూర్చుండి తూకపు చీటీలు వ్రాయుచుండెను. కొంతసేపునకు లేచి, గట్టుపై అటునిటు నడచి, మరల వచ్చి కూర్చుండెను. ఎడమకాలి చెప్పునకు మడమ వెనుకగా తోలుపట్టీ కుట్టించుకొన్నాడు, జారకుండుటకు.